హైదరాబాదు ఐపీఎల్ జట్ల ఆటగాళ్ల ఎంపిక

ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) క్రికెట్ పోటీలలో హైదరాబాదు నగరం తరఫున ఇప్పటివరకు రెండు జట్లు ఆడాయి. అవి డెక్కన్ చార్జర్స్ (2008-2012), సన్‌రైజర్స్ హైదరాబాద్ (2013 నుండి). ఈ జట్లు వేలంపాట ద్వారా ఆటగాళ్లను సమకూర్చుకొన్న తీరు, ఆ ఎంపికలపై అభిమానులలో సాగుతూ వచ్చిన వాదోపవాదాలు ఈ వ్యాసంలోని విషయం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఈ చర్చకు మరొక కోణం కూడా ఉన్నది. ఈ మూడు జిల్లాలకు ఉప్పల్ స్టేడియం నూరు కిలోమీటర్లకు పైగా దూరం. మైదానానికి వెళ్ళి ఆట చూసేవారు తక్కువ, టెలివిజన్‌లోను, చేతి ఫోనులోను చూసేవారు ఎక్కువ. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ ప్రారంభం కావడం, 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగా చూపడం వలన ఆటతోపాటు వేలంపాట కూడా పల్లెలకు చేరింది. ఫలానా ఆటగాడికి అంత ధర ఎందుకు పెట్టారు, ఫలానా వానిని ఎందుకు వదిలివేశారు అన్న ప్రశ్నలు ఇప్పుడు టీకొట్ల వద్ద ఆట ఫలితమంత సాధారణమైనవి.

డ్రాఫ్టు, వేలం

వృత్తి క్రీడలలో కొత్త ఆటగాళ్లను జట్లకు పంచడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. అమెరికాలోని బేస్‌బాల్ లీగులో 1965 నుండి డ్రాఫ్టు పద్ధతి అమలులో ఉన్నది. అందులో పాఠశాలల నుండి, కళాశాలల నుండి వచ్చే యువకులను జట్లు వంతులవారీగా ఎంచుకొంటాయి. క్రితం సంవత్సరం అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు దక్కేది. మొదటి వంతు కోసమే కావాలని ఓడిపోతున్నారన్న విమర్శ రావడంతో 2023 నుండి తొలి స్థానాలను లాటరీ ద్వారా నిర్ణయిస్తున్నారు. ఎంపికైన యువకునికి జట్టు ఒప్పంద రుసుము చెల్లించి సంతకం చేయించుకొంటుంది. ఎవరిని ఎంచుకోవాలి, ఎవరు ఎదుగుతారు అని అక్కడి అభిమానులు నెలల తరబడి వాదించుకొంటారు. డ్రాఫ్టుతో సంబంధం లేకుండా విదేశీ యువకులతో నేరుగా కూడా ఒప్పందాలు చేసుకొంటారు. ఉత్తర ప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు యువకులు 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఈ విధంగానే సంతకం చేశారు. వీరిలో రింకూ సింగ్, అదే పేరు గల క్రికెట్ ఆటగాడు వేరు వేరు వ్యక్తులు.

ఐపీఎల్‌లో వంతులు లేవు, వేలం ఉన్నది. ప్రతి జట్టుకూ ఒకే మొత్తం సొమ్ము పరిమితి విధిస్తారు. బలహీనుడికి ముందు వంతు ఇవ్వడం డ్రాఫ్టులోని న్యాయం, అందరి సంచిలోను సమానంగా సొమ్ము పెట్టడం వేలంలోని న్యాయం. అయితే ఐపీఎల్ చరిత్రలో డ్రాఫ్టు అసలే జరగలేదని అనడానికి వీలులేదు. 2008లో అండర్-19 ప్రపంచకప్ గెలిచి వచ్చిన యువకులను జట్లకు పంచింది డ్రాఫ్టు ద్వారానే. అప్పుడు ఢిల్లీ జట్టు తమ నగరపు కుర్రవాడైన విరాట్ కోహ్లిని కాదని ఎడమచేతి వాటపు బౌలర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను ఎంచుకొనగా, కోహ్లి బెంగుళూరు జట్టుకు వెళ్ళాడు. ఎంపికల గురించి ఎక్కడ వాదన జరిగినా ఈ ఉదాహరణ రాక మానదు. ఆనాడు ఢిల్లీకి బ్యాట్స్‌మెన్‌ల కొరత లేదు కాబట్టి ఆ నిర్ణయం అర్థంలేనిదేమీ కాదు. పదిహేనేళ్ళ తర్వాతి ఫలితం తెలిసి చేసే విమర్శకు, ఆ పూట ఉన్న సమాచారంతో చేసే విమర్శకు తేడా ఉన్నదని మాత్రం గమనించాలి.

వేలం జరిగే విధానం

ప్రతి ఆటగాడు ఒక కనీస ధరతో పేరు నమోదు చేసుకొంటాడు. జాతీయ జట్టుకు ఇంకా ఆడని భారతీయ ఆటగాడి పేరు అతని రాష్ట్ర క్రికెట్ సంఘం ద్వారా రావాలి. అట్టి ఆటగాళ్ల కనిష్ఠ ధర చాలాకాలం 20 లక్షల రూపాయలు ఉండగా, 2025 పోటీల కొరకు జరిగిన వేలం నుండి 30 లక్షలకు పెరిగింది. పేరు పిలిచినపుడు ఏ జట్టూ పాట పాడకపోతే ఆ ఆటగాడు అమ్ముడుపోనట్లు ప్రకటిస్తారు. చివరలో జరిగే వేగవంతపు విడతలో మరల అవకాశం రావచ్చు. 2025 డిసెంబరు 16న అబుదాబిలో జరిగిన వేలంలో మొదటి పిలుపులో ఎవరూ తీసుకోని లియామ్ లివింగ్‌స్టన్‌ను తర్వాతి విడతలో సన్‌రైజర్స్ 13 కోట్లకు కొన్నది. మొదటి పిలుపులో ధర పలకని ఆటగాడు అంత ధర పలకడం వింతగా తోచవచ్చును. కాని చివరి విడతకు చేరేసరికి కావలసిన నైపుణ్యం గలవారు కొద్దిమందే మిగులుతారు, ఖర్చు కాని సొమ్ము మాత్రం కొన్ని జట్ల వద్ద దండిగా ఉంటుంది. వేలంలో ధర ప్రతిభకు కొలమానం కాదు, ఆ క్షణపు కొరతకు కొలమానం.

జట్టులో గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు 8 మందికి మించరాదు. మైదానంలో నలుగురు విదేశీయులే ఆడవచ్చు. అభిమానుల లెక్కలు తప్పేది చాలావరకు ఇక్కడే. ఎంత గొప్పవాడైనా ఐదవ విదేశీయుడు బయట కూర్చోవలసినదే. కొన్ని సంవత్సరాలకొకసారి జరిగే పెద్ద వేలానికి ముందు కొద్దిమందిని అట్టిపెట్టుకొనే వీలు ఉంటుంది. 2014, 2018, 2025 పోటీలకు ముందు జరిగిన పెద్ద వేలాలలో, ఇతర జట్టు పాడిన ధరనే చెల్లించి తమ పాత ఆటగాడిని తిరిగి తీసుకొనే 'రైట్ టు మ్యాచ్' అనే హక్కు కూడా ఇచ్చారు.

డెక్కన్ చార్జర్స్

2008 ఫిబ్రవరి 20న ముంబాయిలో జరిగిన తొలి వేలానికి ఒక్కొక్క జట్టు పరిమితి 50 లక్షల డాలర్లు. సచిన్, గంగూలీ, ద్రావిడ్, యువరాజ్, సెహ్వాగ్‌లను వారి వారి నగరాల జట్లు 'ఐకాన్' ఆటగాళ్లుగా వేలం లేకుండానే తీసుకొన్నాయి. ఐకాన్‌కు ఆ జట్టులోని అత్యధిక ధర కంటే 15 శాతం ఎక్కువ చెల్లించాలి. హైదరాబాదు జట్టు సొమ్ము ఆదా కావాలని వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను వదులుకొన్నాడు. ఆ వెసులుబాటుతో జట్టు ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆనాటి వేలంలో ధోనీ (15 లక్షల డాలర్లు) తర్వాత ఇదే పెద్ద మొత్తం. ఒక్క ఆటగాడికే మొత్తం పరిమితిలో నాలుగవ వంతుకు మించి ఖర్చయింది. ఆర్.పి. సింగ్ (8.75 లక్షలు), రోహిత్ శర్మ (7.5 లక్షలు), ఆడమ్ గిల్‌క్రిస్ట్ (7 లక్షలు), షాహిద్ అఫ్రిది (6.75 లక్షలు), హెర్షెల్ గిబ్స్ (5.75 లక్షలు) కూడా చేరారు. పేర్లు చూసినవారు కప్పు హైదరాబాదుదే అన్నారు. 14 ఆటలలో 2 గెలిచి జట్టు ఎనిమిదవ స్థానంలో, అనగా చిట్టచివరన నిలిచింది. సైమండ్స్ రాజస్థాన్‌పై 117 పరుగులు చేసి కూడా ఓటమిని ఆపలేకపోయాడు. తర్వాత దేశం తరఫున ఆడవలసి ఉండి మధ్యలోనే వెళ్ళిపోయాడు.

మరుసటి సంవత్సరం దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో ఇంచుమించు అదే బృందం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేతగా నిలిచింది. 2009 మే 24న జోహాన్నెస్‌బర్గ్‌లో బెంగుళూరుపై 6 పరుగుల తేడాతో గెలిచింది. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో పోటీలలోనే మొదటివాడు. హైదరాబాదు తరఫున రంజీ ఆడుతున్న ప్రజ్ఞాన్ ఓఝా ఆ జట్టులో ముఖ్య స్పిన్నర్. ఓఝా 2010లో 21 వికెట్లతో అందరికంటే ముందు నిలిచాడు. మొదటి ఏడాది చివరి స్థానం పొందిన ఎంపికలే రెండవ ఏడాది కప్పు తెచ్చాయి. ఎంపికలను ఒక్క సంవత్సరపు ఫలితంతో తూచరాదనే వారికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

2011 పెద్ద వేలంతో ఆ జట్టు చెల్లాచెదురయింది. రోహిత్ శర్మను ముంబాయి జట్టు 20 లక్షల డాలర్లకు కొనగా, లక్ష్మణ్ కోచి జట్టుకు వెళ్ళాడు. రోహిత్ తరువాత ముంబాయికి ఐదు కప్పులు సాధించిన నాయకుడు కావడంతో హైదరాబాదు అభిమానుల ఫిర్యాదుల పట్టికలో ఈ పేరు ఇప్పటికీ మొదటి వరుసలోనే ఉన్నది. ఆర్థిక ఇబ్బందుల కారణంగా 2012 సెప్టెంబరులో డెక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీ రద్దయింది.

సన్‌రైజర్స్ హైదరాబాద్

2012 అక్టోబరులో సన్ టీవీ సంస్థ సంవత్సరానికి 85.05 కోట్ల రూపాయల చొప్పున చెల్లించే ఒప్పందంతో హైదరాబాదు ఫ్రాంచైజీని దక్కించుకొన్నది. 2014 వేలంలో డేవిడ్ వార్నర్‌ను 5.5 కోట్లకు, భువనేశ్వర్ కుమార్‌ను 4.25 కోట్లకు తీసుకొన్నారు. 2016 మే 29న బెంగుళూరులో ఆ నగరపు జట్టునే 8 పరుగులతో ఓడించి కప్పు గెలిచినపుడు వార్నర్ ఆ ఏటి పరుగులు 848, భువనేశ్వర్ వికెట్లు 23. బంగ్లాదేశ్ బౌలర్ ముస్తాఫిజుర్ రహమాన్ 1.4 కోట్లకే వచ్చి 17 వికెట్లు తీశాడు. 2017లో 4 కోట్లకు తెచ్చిన ఆఫ్ఘనిస్తాన్ స్పిన్నర్ రషీద్ ఖాన్ జట్టు ఎంపికలలోకెల్లా మేలైనదని పలువురి అభిప్రాయం. బౌలర్లపై పెట్టుబడి పెట్టే జట్టు అన్న పేరు సన్‌రైజర్స్‌కు ఈ సంవత్సరాలలోనే వచ్చింది.

2021లో వార్నర్ నాయకత్వం పోయింది. మరుసటి ఏటికి అతడు, రషీద్ ఖాన్ ఇద్దరూ జట్టును వీడారు. రషీద్ చేరిన గుజరాత్ జట్టు 2022లోనే కప్పు గెలిచింది. 2022 వేలంలో నికోలస్ పూరన్‌కు 10.75 కోట్లు, అదే ఏడు డిసెంబరులో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు వెచ్చించారు. బ్రూక్ కోల్‌కతాపై ఒక శతకం చేసినా 11 ఆటలలో మొత్తం పరుగులు 190 మాత్రమే. అదే రోజున 5.25 కోట్లకు కొన్న హెన్రిక్ క్లాసెన్ 448 పరుగులు చేశాడు. ఆ సంవత్సరం (2023) జట్టు చివరి స్థానంలో నిలిచింది.

2023 డిసెంబరు 19న దుబాయిలో పాట్ కమ్మిన్స్‌కు 20.5 కోట్లు పెట్టినపుడు అది ఐపీఎల్ చరిత్రలో అతిపెద్ద ధర. కొద్దిసేపటికే మిచెల్ స్టార్క్‌కు కోల్‌కతా 24.75 కోట్లు పెట్టి ఆ రికార్డును చెరిపివేసింది. ఒక బౌలర్‌కు అంత సొమ్మా అని పలువురు ఆక్షేపించారు. ఇదే యాజమాన్యం కింద దక్షిణాఫ్రికా లీగులో ఆడే జట్టుకు రెండు కప్పులు సాధించిన మార్‌క్రమ్‌ను పక్కనపెట్టి కమ్మిన్స్‌ను నాయకుడిగా చేయడాన్ని కూడా విమర్శించారు. 6.8 కోట్లకు వచ్చిన ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మల ఆరంభంతో 2024లో జట్టు ముంబాయిపై 277, బెంగుళూరుపై 287 పరుగులు చేసి, మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్లో కోల్‌కతా చేతిలో ఓడింది. కమ్మిన్స్ ధరపై వాదన అంతటితో చల్లారింది. 2025 పోటీల కొరకు క్లాసెన్ (23 కోట్లు), కమ్మిన్స్ (18), అభిషేక్ (14), హెడ్ (14), నితీష్ కుమార్ రెడ్డి (6)లను అట్టిపెట్టుకోవడానికే 120 కోట్ల పరిమితిలో 75 కోట్లు పోయాయి. మిగిలిన సొమ్ములో ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు, మహమ్మద్ షమీకి 10 కోట్లు ఇచ్చారు. బ్యాటింగ్‌పై మోజుతో బౌలింగ్‌ను పలుచన చేశారన్న విమర్శ అప్పుడు బలపడింది. జట్టు 2025లో ఆరవ స్థానంలో నిలిచింది.

స్థానిక ఆటగాళ్ల వివాదం

ధరల గురించిన వాదన ఆట గెలిస్తే ఆగిపోతుంది. గెలిచినా ఆగని వాదన ఒకటి ఉన్నది. జట్టు పేరులో హైదరాబాదు ఉన్నది, జట్టులో హైదరాబాదువారు ఎక్కడ?

ఐపీఎల్ తొలి సంవత్సరాలలో ప్రతి జట్టు తన పరిధిలోని ఆటగాళ్లను కొందరిని తప్పనిసరిగా తీసుకోవలెనన్న నియమం ఉండేది. డెక్కన్ చార్జర్స్‌లో తిరుమలశెట్టి సుమన్, రవితేజ, ఆశిష్ రెడ్డి వంటివారు కనిపించడానికి కొంత కారణం ఈ పద్ధతి. జాతీయ జట్టుకు ఆడని ఆటగాళ్లతో అప్పట్లో జట్లు నేరుగా ఒప్పందం చేసుకొనేవి. తెరవెనుక బేరాలు పెరిగాయన్న ఆరోపణలు రాగా, ఇతర జట్లతో మంతనాలు సాగించినందుకు 2010లో రవీంద్ర జడేజాపై ఏడాది నిషేధం కూడా పడింది. క్రమంగా స్థానిక నియమం పోయింది. 2014 నుండి ఈ యువకులు కూడా వేలంలోకి వచ్చారు. అప్పటినుండి గద్వాల కుర్రవాడైనా గౌహతి కుర్రవాడైనా హైదరాబాదు జట్టు దృష్టిలో ఒకటే.

హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 20 లక్షల కనీస ధర నుండి 2.6 కోట్ల వరకు పాడి తీసుకొన్నది. అతడు 6 ఆటలలో 10 వికెట్లు తీశాడు. 2018 వేలంలో తిరిగి తీసుకొనే హక్కును శిఖర్ ధావన్, రషీద్ ఖాన్, దీపక్ హుడాలపై వినియోగించారు. సిరాజ్ అదే 2.6 కోట్లకు బెంగుళూరుకు వెళ్ళాడు. 2025లో గుజరాత్ అతనిని 12.25 కోట్లకు తీసుకొనగా, ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌పైనే 17 పరుగులకు 4 వికెట్లు పడగొట్టాడు. తిలక్ వర్మ సంగతి కూడా ఇటువంటిదే. 2022లో ముంబాయి జట్టు 1.7 కోట్లకు తీసుకొన్న ఈ హైదరాబాదు యువకుడు తొలి ఏడే 397 పరుగులు చేశాడు. 2025 సెప్టెంబరు 28న ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్‌పై 69 పరుగులతో అజేయంగా నిలిచి దేశాన్ని గెలిపించాడు.

2021 ఫిబ్రవరి వేలం ముగిసిన వెంటనే ఖైరతాబాదు శాసనసభ్యుడు దానం నాగేందర్ జట్టులో స్థానికులు లేరని బహిరంగంగా అభ్యంతరం తెలిపి, స్థానికులను చేర్చాలని, లేదా జట్టు పేరు మార్చుకోవాలని కోరడంతో ఈ వాదన పత్రికలకెక్కింది. దీనికి రెండవ వైపు కూడా ఉన్నది. తన్మయ్ అగర్వాల్, మెహదీ హసన్, బావనక సందీప్ వంటి హైదరాబాదు ఆటగాళ్లను సన్‌రైజర్స్ వేర్వేరు సంవత్సరాలలో తీసుకొన్నది, కాని వారికి మైదానంలో దిగే అవకాశం అంతగా రాలేదు. విశాఖపట్నానికి చెందిన నితీష్ కుమార్ రెడ్డిని 20 లక్షలకే తీసుకొని ఓపిక పట్టగా, 2024లో 303 పరుగులతో వర్ధమాన ఆటగాడి బహుమతి పొందాడు. తెలుగువాడు కాబట్టి మనవాడే అని కొందరు, ఆంధ్ర సంఘం ఆటగాడు కాబట్టి హైదరాబాదు లెక్కలోకి రాడని కొందరు అంటారు. రాష్ట్రం విడిపోవడానికి చాలా ముందే క్రికెట్టులో ఈ రెండు ప్రాంతాలు వేరువేరు సంఘాల కింద ఉన్నందున రెండవ వాదన కొత్తగా పుట్టినది కాదు.

నడిగడ్డ నుండి ఉప్పల్‌కు

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతంలో ఈ సరిహద్దు కంటికి కనబడుతుంది. తుంగభద్రకు ఈవల ఉన్న అలంపురం హైదరాబాదు క్రికెట్ సంఘం పరిధిలోనిది. వంతెన దాటితే వచ్చే కర్నూలు ఆంధ్ర క్రికెట్ సంఘం పరిధిలోనిది. గద్వాలకు పడమట ఉన్న రాయచూరు కర్ణాటక సంఘం కిందికి వస్తుంది. పుట్టుక, నివాసం, చదువు, ఉద్యోగం వీటిని బట్టి ఒక బాలుడు ఏ సంఘానికి చెందుతాడో తేలుతుంది. అతని పేరు వేలం జాబితా వరకు వెళ్ళే దారి కూడా దాని ప్రకారమే మారుతుంది. కర్ణాటకలో 2009లోనే రాష్ట్రస్థాయి టీ-20 లీగు మొదలయింది. తమిళనాడులో 2016లో, ఆంధ్రలో 2022లో ప్రారంభమయ్యాయి. వేలంలో కూర్చొనే జట్ల పరిశీలకులు కొత్తవారిని చూసేది ప్రధానంగా ఇట్టి లీగులలోనే.

ఇందుకు తంగరసు నటరాజన్ మంచి ఉదాహరణ. సేలం ప్రాంతపు చిన్నప్పంపట్టి అనే పల్లెలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన ఈ బౌలర్ తమిళనాడు లీగులో కనబడి 2017లో పంజాబు జట్టుకు 3 కోట్లకు ఎంపికయ్యాడు. 2018లో 40 లక్షలకు సన్‌రైజర్స్‌లో చేరి, 2020లో యార్కర్లతో పేరు తెచ్చుకొని, భారత జట్టుకు ఆడాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలలో టెన్నిస్ బంతితో పరుగెత్తి బౌలింగ్ వేసే కుర్రవాళ్లకు కొదవలేదు. తోలుబంతి, దానికి తగిన పిచ్, కాళ్లకు ప్యాడ్లు, శిక్షకుడు, ఇవి కావాలంటే నగరం చేరవలసి వస్తుంది. హైదరాబాదు సంఘపు పోటీలలో మొదటినుండి నగర క్లబ్బుల లీగుదే పెద్ద స్థానం. సంఘంలో ఓటుహక్కు గలవారిలో కూడా నగర క్లబ్బులదే అత్యధిక భాగం, జిల్లాలది స్వల్పం. సంఘ వ్యవహారాలు న్యాయస్థానాలకెక్కగా, 2023లో సుప్రీం కోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. పలు క్లబ్బులు కొద్దిమంది చేతులలోనే ఉన్నాయన్న అంశంపై ఆ కమిటీ పదుల సంఖ్యలో క్లబ్బులను ఎన్నికలకు దూరంగా ఉంచింది.

అందుచేత ఈ మూడు జిల్లాల అభిమాని సన్‌రైజర్స్‌ను మాత్రమే తప్పుపడితే ఆ తప్పు సగమే అవుతుంది. వేలానికి ముందే, పదిహేనేళ్ల వయసులో, జిల్లా పోటీలు జరగని చోట, ఎంపికల కబురు సకాలంలో అందని చోట పేరు జాబితాకెక్కకుండా పోతుంది. బీహారుకు చెందిన వైభవ్ సూర్యవంశి 13 ఏళ్ల వయసులో 2024 నవంబరు వేలంలో 1.1 కోట్లకు రాజస్థాన్ జట్టులో చేరగలిగాడంటే, అంతకు ముందే అతడు తన రాష్ట్రం తరఫున రంజీ ఆడి ఉండటమే కారణం.

చర్చకు, పందేనికి మధ్యగల గీత కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. ఊహాజట్లు కట్టి సొమ్ము పెట్టే ఆటలు దేశమంతటా వ్యాపించినా, తెలంగాణలో 2017 చట్టసవరణతో నిషేధించబడ్డాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. చాటుమాటు పందేల వలన అప్పులపాలైన కుటుంబాలు ఉన్నందున, ఎంపికలపై ఉత్తమాటల వాదన దీనితో పోల్చితే మేలైన కాలక్షేపమే.

మహిళల లీగు, కబడ్డీ

2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగులోని ఐదు జట్లలో హైదరాబాదు జట్టు లేదు. అందువలన తెలుగు క్రీడాకారిణులు ఇతర నగరాలకే ఆడతారు. కడప జిల్లాకు చెందిన శ్రీచరణిని ఢిల్లీ జట్టు 2024 డిసెంబరులో 55 లక్షలకు తీసుకొన్నది. భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. నగరానికి దూరంగా ఉన్న ఊరి నుండి వచ్చిన పేరు కావడంతో పాలమూరు ప్రాంతపు పాఠశాలలలో బాలికలకు క్రికెట్ నేర్పించాలనేవారు త్రిషను తరచు ఉదాహరిస్తారు.

పల్లెలలో క్రికెట్టుకంటె పాతదైన కబడ్డీలోను 2014 నుండి ఇదే వేలం పద్ధతి నడుస్తున్నది. తెలుగు టైటాన్స్ జట్టు 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కు 1.45 కోట్లు, 2023లో పవన్ సెహ్రావత్‌కు అప్పటి రికార్డు ధర అయిన 2.605 కోట్లు పెట్టింది. పవన్‌ను కొన్న ఆ పోటీలలో జట్టు 22 ఆటలలో రెండే గెలిచి చివరన నిలిచింది. పవన్ వెళ్ళిపోయిన తర్వాత, 2025లో విజయ్ మలిక్ నాయకత్వంలో అదే జట్టు ప్లేఆఫ్‌కు చేరింది.